డివైస్ మోడళ్లను కంట్రోలర్ మోడల్లో కలపాలంటే: ఆగ్మెంటా, గ్రూపింగా, స్కీమా మౌంటా?

ప్రశ్న సారాంశం: గచ్చిబౌలిలో ఒక టీమ్ చిన్న నెట్‌వర్క్ కంట్రోలర్ రాస్తోంది. వాళ్ల యాంగ్ మాడ్యూల్లో (యాంగ్ అంటే నెట్‌వర్క్ డివైస్‌ల కాన్ఫిగరేషన్ ఏ ఆకారంలో ఉండాలో రాసే భాష, అందులో ఒక్కో భాగం ఒక మాడ్యూల్) డివైస్‌ల లిస్టు ఉంది. ప్రతి డివైస్ కిందా ఐఈటీఎఫ్ (ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ) వారి ఇంటర్‌ఫేసెస్, ఐపీ, రౌటింగ్ మాడ్యూళ్లు ఉన్నవి ఉన్నట్టుగా కనిపించాలి. ఆగ్మెంట్‌తో పని కాలేదు. మాడ్యూళ్లను కాపీ చేసి గ్రూపింగ్‌గా (యూజెస్ అనే స్టేట్‌మెంట్‌తో వేరే చోట వాడుకునే నోడ్ల కట్టగా) మార్చమని ఒకరు, స్కీమా మౌంట్ (ఒక మోడల్ ట్రీని ఇంకో మోడల్లోని నోడ్ కింద ఉన్నది ఉన్నట్టు తగిలించే పద్ధతి) పెట్టమని ఇంకొకరు అంటున్నారు. ఏయే మాడ్యూళ్లు వస్తాయో డిజైన్‌లోనే రాసి ఖాయం చేయాలని ఆర్కిటెక్ట్ పట్టుబడుతున్నారు.

ఆర్కిటెక్ట్ గారి పట్టు న్యాయమైనదే. చిక్కల్లా ఏంటంటే, దాన్ని రాయడానికి యాంగ్ భాషలో ఇప్పటికి నేరుగా ఒక స్టేట్‌మెంట్ లేదు. కాబట్టి నా సలహా ఇది. స్కీమా మౌంట్ వాడండి, అందులో షేర్డ్ స్కీమా రకం (అన్ని డివైస్‌లకూ ఒకే స్కీమా) ఎంచుకోండి, ఏ మాడ్యూల్ ఏ రివిజన్‌తో వస్తుందో చెప్పే డేటా ఫైలును మీ మాడ్యూల్ పక్కనే గిట్‌లో పెట్టి సీఐలో (ప్రతి మార్పుకూ వాటంతటవే నడిచే పరీక్షల్లో) సరిచూడండి. కాపీ చేసి గ్రూపింగ్ చేసే దారిలోకి మాత్రం వెళ్లొద్దు. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ టీమ్‌లో ఎవరో ఒకరు "రెండు రోజుల్లో కాపీ చేసేద్దాం" అని మళ్లీ అంటారు.

ఆగ్మెంట్ ఎందుకు కుదరలేదు? ఆగ్మెంట్ చేసేది ఉన్న ట్రీలో ఒక నోడ్ కింద కొత్త నోడ్లు తగిలించడం. ఆ కొత్త నోడ్లను మీరే రాయాలి, లేదా ఏదైనా గ్రూపింగ్ నుంచి యూజెస్‌తో తేవాలి. ఇంకో మాడ్యూల్ పైస్థాయిలో ఉన్న కంటైనర్‌ను ఎత్తి మీ లిస్టు కింద పెట్టడం దానికి చేతకాదు. ఐఈటీఎఫ్ ఇంటర్‌ఫేసెస్ మాడ్యూల్ తెరిచి చూడండి, అందులో ఒక్క గ్రూపింగ్ కూడా లేదు. ఇంటర్‌ఫేసెస్ కంటైనర్ నేరుగా పైనే ఉంటుంది. ఇంపోర్ట్ చేస్తే దాని టైపులు, ఐడెంటిటీలు (పేరు పెట్టిన విలువలు) వాడుకోవచ్చు, ట్రీ మాత్రం రాదు.

ఇక కాపీ చేసి గ్రూపింగ్ చేసే దారి. మొదటి దెబ్బ నేమ్‌స్పేస్ మీద, అంటే ఏ నోడ్ ఏ మాడ్యూల్‌దో చెప్పే గుర్తు మీద. యాంగ్ 1.1 నిబంధన (ఐఈటీఎఫ్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7950, 2016) ప్రకారం గ్రూపింగ్‌లోని నోడ్లకు సొంత నేమ్‌స్పేస్ ఉండదు, యూజెస్ ఎక్కడ వాడితే ఆ మాడ్యూల్‌దే వస్తుంది. డివైస్ పంపే జేసన్‌లో ఐఈటీఎఫ్ పేరుతో ఉన్న ఇంటర్‌ఫేసెస్, మీ దగ్గర మీ మాడ్యూల్ పేరుతో ఉంటుంది. చదివిన ప్రతిసారీ పేర్లు మార్చాలి, రాసిన ప్రతిసారీ తిరగేయాలి. గ్రూపింగ్ లోపల ఎక్స్‌పాత్‌లో (ట్రీలో నోడ్లను వెతికే రాతలో) పాత ప్రిఫిక్స్ (మాడ్యూల్‌కు పొట్టి పేరు) ఒక్కచోట మిగిలినా అది పాత నేమ్‌స్పేస్‌లోనే వెతుకుతుంది, మీ నోడ్ దానికి కనబడదు. ప్రిఫిక్స్ తీసేసి రాస్తే ప్రస్తుత నోడ్ నేమ్‌స్పేస్ తీసుకుంటుంది, గ్రూపింగ్‌లో రాయాల్సిన పద్ధతి అదే. కానీ వేరేవాళ్లు రాసిన మాడ్యూల్లో వందల చోట్ల ఆ మార్పు చేత్తో చేయడం అయ్యే పని కాదు.

రెండో దెబ్బ ఇంకా చెడ్డది, ఎందుకంటే ఎర్రర్ రాదు. ఇంటర్‌ఫేసెస్ మాడ్యూల్లో ఇంటర్‌ఫేస్ రెఫ్ అని ఒక టైప్‌డెఫ్ (పేరు పెట్టిన టైపు) ఉంది. అదొక లీఫ్‌రెఫ్ (లీఫ్ అంటే ఒకే విలువ ఉండే నోడ్; ఇంకో లీఫ్‌లో ఉన్న విలువే ఇక్కడా ఉండాలనే టైపు లీఫ్‌రెఫ్), దాని పాత్ స్లాష్‌తో మొదలై పైస్థాయి ఇంటర్‌ఫేసెస్ లోపలి ఇంటర్‌ఫేస్ పేరు దాకా వెళ్తుంది. రౌటింగ్ మాడ్యూల్లో అవుట్‌గోయింగ్ ఇంటర్‌ఫేస్ లీఫ్‌కు ఇదే టైపు. ఇప్పుడు రౌటింగ్‌ను కాపీ చేసి డివైస్ కింద పెట్టారనుకోండి. ఉప్పల్ రౌటర్‌లో ఒక స్టాటిక్ రూట్‌కు అవుట్‌గోయింగ్ ఇంటర్‌ఫేస్ రాస్తే, సర్వర్ ఆ పేరును ఉప్పల్ రౌటర్ ఇంటర్‌ఫేసుల్లో వెతకదు. కంట్రోలర్ నడిచే మెషీన్ సొంత ఇంటర్‌ఫేసుల్లో వెతుకుతుంది! పైగా లీఫ్‌రెఫ్ పాత్‌లో ఆ మాడ్యూల్ నోడ్లను వాడారు కాబట్టి, సర్వర్ దాన్ని పూర్తిగా ఇంప్లిమెంట్ చేయాల్సిందేనని 7950 అంటుంది. మీరు అడగని ఇంటర్‌ఫేసెస్ కంటైనర్ ఒకటి కంట్రోలర్ ట్రీ పైన ప్రత్యక్షమవుతుంది. "ఇది ఎవరు పెట్టారు" అని సగం రోజు వెతుకుతారు.

సరే, ఆ పాత్‌ను మార్చి డివైస్ లిస్టు మీదుగా వెళ్లేలా రాశారనుకోండి. డివైసెస్, డివైస్, ఇంటర్‌ఫేసెస్, ఇంటర్‌ఫేస్, పేరు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మధ్యలో "ఈ డివైస్ మాత్రమే" అనే షరతు లేదు, కాబట్టి ఏ డివైస్‌లో ఆ పేరున్న పోర్టు ఉన్నా లీఫ్‌రెఫ్ పాసవుతుంది. ఉప్పల్ రౌటర్‌లో లేని పోర్టు గచ్చిబౌలి రౌటర్‌లో ఉంటే చాలు, వాలిడేషన్ దాటి కాన్ఫిగ్ డివైస్ దాకా వెళ్లి అక్కడ తిరస్కారం వస్తుంది. దీన్ని పట్టే పరీక్ష ఐదు నిమిషాల పని. రెండు డివైస్‌లు పెట్టండి. మొదటిదానికి ఒక పోర్టు ఇవ్వండి, రెండోదానికి ఏమీ ఇవ్వకండి. రెండోదాని రూట్‌లో మొదటిదాని పోర్టు పేరు రాయండి. వాలిడేషన్ పాసైతే మీ మోడల్ తప్పు. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ పరీక్షను సీఐలో శాశ్వతంగా ఉంచండి.

సరైన మార్గం రిలేటివ్ పాత్. మన ఊళ్లో అడ్రసు చెప్పినట్టే. ఇంటి నంబరు చెప్తే అది ఒక్క ఇల్లే. "గుడి దాటాక రెండో సందు" అంటే, మీరున్న పేటలోని గుడి నుంచి లెక్క. మోడల్‌ను వేరే చోటికి మోసుకెళ్లాలంటే రెండో రకం అడ్రసులే పనికొస్తాయి. అయితే ఇంటర్‌ఫేస్ రెఫ్ ఒక టైప్‌డెఫ్. దాన్ని ఎన్ని చోట్ల వాడితే అన్ని చోట్ల లోతు వేరు, కాబట్టి ప్రతి చోటా ఎన్ని మెట్లు పైకెక్కాలో విడిగా లెక్కపెట్టాలి.

మూడో దెబ్బ ఆగ్మెంట్లు. ఐఈటీఎఫ్ ఐపీ మాడ్యూల్, ఇంటర్‌ఫేస్ లిస్టు కింద ఐపీవీ4, ఐపీవీ6 కంటైనర్లను ఆగ్మెంట్‌తో పెడుతుంది. ఆ ఆగ్మెంట్ అసలు ట్రీకే తగులుతుంది, మీ కాపీకి తగలదు. కాబట్టి ఐపీ మాడ్యూల్ కాపీ కావాలి, దాన్ని ఆగ్మెంట్ చేసే ఇంకో మాడ్యూల్ ఉంటే అదీ కాపీ కావాలి. గొలుసు తెగదు. ఆర్‌పీసీల (ఒక పని చేయమనే పైస్థాయి ఆదేశాల) సంగతి సరేసరి, గ్రూపింగ్‌లో యాక్షన్ (ఒక నోడ్‌కు కట్టిన అలాంటి ఆదేశం) పెట్టొచ్చు, నోటిఫికేషన్ పెట్టొచ్చు, ఆర్‌పీసీ పెట్టడానికి వీల్లేదు.

ఓపెన్‌కాన్ఫిగ్ (నెట్‌వర్క్ ఆపరేటర్లు కలిసి యాంగ్ మోడళ్లు రాసే గ్రూపు) వాళ్లు మొదటినుంచీ అన్నీ గ్రూపింగుల్లోనే రాశారు, పైస్థాయి గ్రూపింగ్ పేరు చివర టాప్ అని ఉంటుంది. నెట్‌వర్క్ ఇన్‌స్టాన్స్ మాడ్యూల్ బీజీపీని (ఒక రౌటింగ్ ప్రోటోకాల్) అలాగే యూజెస్‌తో తెచ్చుకుంటుంది. మాడ్యూళ్లన్నీ ఒకే ఇంట్లో వండుకునే వాళ్లకు అది చక్కటి పద్ధతి. అక్కడ కూడా బేస్ ఇంటర్‌ఫేస్ రెఫ్ పాత్ స్లాష్‌తోనే మొదలవుతుంది, అంటే డివైస్ లిస్టు కింద పెడితే అదే సమస్య. మీరు కొత్తగా సొంత మాడ్యూళ్లు రాస్తుంటే ఈ శైలి పాటించండి, రిలేటివ్ పాత్‌లతో. ఐఈటీఎఫ్ మాడ్యూళ్ల మీద రుద్దకండి.

ఇప్పుడు స్కీమా మౌంట్. ఇది ఆర్‌ఎఫ్‌సీ 8528, 2019 మార్చిలో వచ్చింది. మోడళ్లను కలపడం మూడు దశల్లో జరగొచ్చని అందులోనే ఉంది: మోడల్ డిజైన్ చేసేటప్పుడు, సర్వర్‌లో ఇంప్లిమెంట్ చేసేటప్పుడు, సిస్టమ్ నడుస్తున్నప్పుడు. చివరి రెండే ఆ పత్రం పరిధి, మొదటిదాన్ని బయట పెట్టేసింది. మీ ఆర్కిటెక్ట్ అడిగేది సరిగ్గా ఆ మొదటిదే, అందుకే ఎంత వెతికినా స్టేట్‌మెంట్ దొరకలేదు. శంషాబాద్ వైపు లేఅవుట్లు చూసే ఉంటారు, ప్లాటుకు నంబరు వేసి రాయి పాతుతారు, ఏ ఇల్లు వస్తుందో ఆ రాయి చెప్పదు. మౌంట్ పాయింట్ అలాంటి రాయి. మాడ్యూల్లో మీరు రాసేది లేబుల్ మాత్రమే. అక్కడ ఏ మాడ్యూళ్లు ఉన్నాయో సర్వర్ తన ఆపరేషనల్ డేటాలో (నడుస్తున్న స్థితి చెప్పే డేటాలో) చెప్తుంది.

దీనిలో గొప్ప సుఖం ఏమిటంటే మౌంట్ అయిన మాడ్యూళ్ల నేమ్‌స్పేస్ మారదు, పాత్‌లు మార్చక్కర్లేదు. లోపలి ఎక్స్‌పాత్‌కు మౌంట్ పాయింటే రూటు (ట్రీ మొదలు; రౌటింగ్‌లోని రూట్ కాదు). స్లాష్‌తో మొదలయ్యే ఇంటర్‌ఫేస్ రెఫ్ ఉప్పల్ డివైస్ కింద ఉంటే ఉప్పల్ ఇంటర్‌ఫేసుల్లోనే వెతుకుతుంది. ఐపీ ఆగ్మెంట్ కూడా లోపలే తగులుతుంది. పైస్థాయి ఆర్‌పీసీ ఆ మౌంట్ పాయింట్ మీద యాక్షన్‌లా పిలవొచ్చు, అంటే ఐఈటీఎఫ్ సిస్టమ్ మాడ్యూల్లోని సిస్టమ్ రీస్టార్ట్ ఆ ఒక్క డివైస్‌కే వర్తిస్తుంది. లోపలి స్కీమా బయటికి తొంగిచూడలేదు. దీన్ని 8528 మౌంట్ జైలు అని పిలుస్తుంది. చంచల్‌గూడ ములాఖత్ లాగా దానికీ ఒక కిటికీ ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

చేయాల్సింది ఇలా. మీ మాడ్యూల్ యాంగ్ వెర్షన్ 1.1 అని ప్రకటించి ఉండాలి, వెర్షన్ 1 మాడ్యూల్లో మౌంట్ పాయింట్ రాయడం నిషిద్ధం. స్కీమా మౌంట్ మాడ్యూల్‌ను (2019-01-14 రివిజన్) ఇంపోర్ట్ చేయండి. డివైస్ లిస్టుకు పేరు కీ. లిస్టు ఎంట్రీలో రూట్ అనే కంటైనర్ పెట్టి దాని లోపల మౌంట్ పాయింట్ స్టేట్‌మెంట్, డివైస్ రూట్ అనే లేబుల్. నేరుగా లిస్టు మీద కూడా పెట్టొచ్చు, నిబంధన కంటైనర్‌నూ లిస్టునూ రెండింటినీ ఒప్పుకుంటుంది. కానీ కంటైనర్ పెడితే మీ నోడ్లు, మౌంట్ అయిన నోడ్లు కలగాపులగం కావు. లాజికల్ నెట్‌వర్క్ ఎలిమెంట్ మోడల్ (ఆర్‌ఎఫ్‌సీ 8530) అలాగే చేసింది, దాన్ని పక్కన పెట్టుకుని రాయండి.

తర్వాత మాడ్యూళ్ల జాబితా. ఇంప్లిమెంట్ అయ్యేవి (పక్కనున్నది రివిజన్ తేదీ): ఇంటర్‌ఫేసెస్ 2018-02-20, ఐపీ 2018-02-22, రౌటింగ్ 2018-03-13, దానితోపాటు అదే తేదీ ఐపీవీ4 యూనికాస్ట్ రౌటింగ్, యాంగ్ లైబ్రరీ 2019-01-04. ఐపీవీ6 రూట్లు కావాలంటే ఐపీవీ6 యూనికాస్ట్ రౌటింగ్‌నూ చేర్చండి. ఇంపోర్ట్‌కు మాత్రమే: యాంగ్ టైప్స్, ఐనెట్ టైప్స్ రెండూ 2013-07-15, డేటాస్టోర్స్ 2018-02-14. యాంగ్ లైబ్రరీ మర్చిపోతారు చాలామంది. మౌంట్ అయిన స్కీమాలో అది తప్పనిసరి, క్లయింట్ లోపల ఏముందో తెలుసుకునేది దాన్ని చదివే.

ఇంకొకటి, దీని దగ్గర తరచూ జారిపడతారు. ఐఏఎన్‌ఏ (ఇంటర్నెట్ పేర్లు, నంబర్ల రిజిస్ట్రీ సంస్థ) వారి ఇంటర్‌ఫేస్ టైప్ మాడ్యూల్లో డేటా నోడ్లు లేవు, ఐడెంటిటీలే ఉన్నాయి కదా అని దాన్ని ఇంపోర్ట్ ఓన్లీ జాబితాలో పడేస్తారు. ఇంటర్‌ఫేస్ టైపు లీఫ్ తప్పనిసరి, అదొక ఐడెంటిటీరెఫ్ (ఒక ఐడెంటిటీనే విలువగా తీసుకునే టైపు). సర్వర్ ఇంప్లిమెంట్ చేసిన మాడ్యూళ్లలోని ఐడెంటిటీలే విలువలుగా చెల్లుతాయి. ఇంపోర్ట్ ఓన్లీలో పెడితే మామూలు ఈథర్నెట్ టైపు కూడా చెల్లదు. అప్పుడు వచ్చే ఎర్రర్ విలువ తప్పని అంటుంది, మాడ్యూల్ తప్పని అనదు. కాబట్టి దాన్ని ఇంప్లిమెంట్ జాబితాలో పెట్టండి.

మాడ్యూల్ పేరు, రివిజన్ రాస్తే జాబితా పూర్తయినట్టు కాదు. ఫీచర్లు (ఆన్, ఆఫ్ చేయగల భాగాలు), డీవియేషన్లు (సర్వర్ మోడల్ నుంచి పక్కకు తప్పుకునే చోట్లు) కూడా కలయికలో భాగమే. ఇంటర్‌ఫేసెస్‌లో ప్రీ ప్రొవిజనింగ్, అర్బిట్రరీ నేమ్స్, ఐఎఫ్ మిబ్ అని మూడు ఫీచర్లున్నాయి. ఐఎఫ్ మిబ్ ఆన్ చేస్తే ఐఎఫ్ ఇండెక్స్ అనే స్టేట్ లీఫ్ తప్పనిసరి అవుతుంది. దాన్ని ఇవ్వని డివైస్ నుంచి తెచ్చిన ఆపరేషనల్ డేటా మీ పరీక్షల్లో విఫలమవుతుంది. కార్డు పెట్టకముందే పోర్టు కాన్ఫిగ్ చేయాలంటే ప్రీ ప్రొవిజనింగ్ కావాలి. ఏది ఆన్, ఏది ఆఫ్ అని జాబితాలోనే రాయండి.

షేర్డ్ స్కీమానా, ఇన్‌లైనా? ఇన్‌లైన్ అయితే ప్రతి ఇన్‌స్టాన్స్‌కూ వేరే స్కీమా ఉండొచ్చు, క్లయింట్ ప్రతి డివైస్ కిందా యాంగ్ లైబ్రరీ చదవాలి. షేర్డ్ అయితే ఆ లేబుల్ కింద ఉన్న అన్ని ఇన్‌స్టాన్సులకూ ఒకే స్కీమా. డిజైన్‌లోనే ఖాయం కావాలంటే షేర్డ్ తప్ప దారి లేదు. మీ దగ్గర డివైస్‌లు మూడు నాలుగు రకాలుంటే ఒక్కో రకానికి ఒక్కో కంటైనర్, ఒక్కో లేబుల్ పెట్టి, డివైస్ రకం లీఫ్ మీద వెన్ షరతు రాయండి. ఏ రకం వస్తుందో ముందు తెలియని చోట, అంటే బయటి కస్టమర్ల డివైస్‌లను తగిలించే ప్రొడక్టులో, ఇన్‌లైనే వాడాలి. అక్కడ డిజైన్‌లోనే ఖాయం చేయడం కుదరదు, ఆ సంగతి ఆర్కిటెక్ట్ గారు ఒప్పుకోవాల్సిందే.

ఇందాకటి కిటికీ పేరు పేరెంట్ రిఫరెన్స్. షేర్డ్ స్కీమా కింద మాత్రమే ఉంటుంది. బయటి ట్రీలో కొన్ని నోడ్లను ఎంచే ఎక్స్‌పాత్ రాస్తే, లోపలి మస్ట్, వెన్ (షరతులు రాసే స్టేట్‌మెంట్లు), లీఫ్‌రెఫ్ లెక్కల్లో ఆ నోడ్లు కూడా కనబడతాయి. లెక్కలకే సుమా, లోపలి నుంచి వాటిని చదవడం రాయడం కుదరదు. ఇంటర్‌ఫేసులు బయట, రౌటింగ్ లోపల ఉండే నెట్‌వర్క్ ఇన్‌స్టాన్స్ మోడల్‌కు (ఆర్‌ఎఫ్‌సీ 8529) ఇది అవసరం. మీ విషయంలో ఇంటర్‌ఫేసులూ రౌటింగూ రెండూ లోపలే, కాబట్టి అసలు వాడకండి.

ఎదురు దిశలో కిటికీ లేదు. బయటి మాడ్యూల్ నుంచి లోపలి నోడ్‌కు లీఫ్‌రెఫ్ రాయలేరు, లోపలి నోడ్‌ను బయటి నుంచి ఆగ్మెంట్ చేయలేరు. బయటి స్కీమా కంపైల్ అయ్యేటప్పటికి ఆ నోడ్లు లేనే లేవు కాబట్టి. మీకిది ఎక్కడ తగులుతుందో ముందే చెప్తాను: లింకులు. గచ్చిబౌలి నుంచి ఉప్పల్‌కు లింకు రాయాలంటే రెండు చివరలా డివైస్ పేరు, పోర్టు పేరు కావాలి. డివైస్ పేరుకు లీఫ్‌రెఫ్ కుదురుతుంది, పోర్టు పేరుకు కుదరదు. అక్కడ ఇంటర్‌ఫేస్ రెఫ్ టైపు వాడదామనిపిస్తుంది, వాడితే మళ్లీ కంట్రోలర్ సొంత పోర్టుల కథే. మామూలు స్ట్రింగ్ పెట్టి సర్వర్ కోడ్‌లో చెక్ రాయండి, ఆ చెక్ ఏమిటో డిస్క్రిప్షన్‌లో స్పష్టంగా రాయండి. లోపలి మాడ్యూల్‌కు మీ సొంత లీఫ్ ఒకటి చేర్చాలంటే దాన్ని వేరే మాడ్యూల్‌గా రాసి, మామూలుగా ఇంటర్‌ఫేస్‌ను ఆగ్మెంట్ చేసి, మౌంట్ జాబితాలో చేర్చండి.

ఇక డిజైన్‌ను ఖాయం చేసే ఫైలు. ఆర్‌ఎఫ్‌సీ 9195 (2022) యాంగ్ డేటాను ఫైల్లో పెట్టడానికి ఒక ఫార్మాట్ ఇచ్చింది. అందులో రెండు ముక్కలు రాయండి: స్కీమా మౌంట్స్ కంటైనర్ (మాడ్యూల్ పేరు, లేబుల్, షేర్డ్ స్కీమా), మౌంట్ లోపలి యాంగ్ లైబ్రరీ (మాడ్యూల్, రివిజన్, ఫీచర్లు, డీవియేషన్లు). మాడ్యూల్‌కు ఎంత రివ్యూ జరుగుతుందో దీనికీ అంతే జరగాలి. మీ మాడ్యూల్ డిస్క్రిప్షన్‌లో "ఈ లేబుల్ కింద ఫలానా ఫైల్లోని స్కీమానే ఉండాలి" అని ఒక వాక్యం రాయండి. యంత్రం దాన్ని చదవదు గానీ మనుషులకు అదే ఒప్పందం.

సరిచూడటానికి పైయాంగ్ (యాంగ్ మాడ్యూళ్లను తనిఖీ చేసే టూల్) సగం పనే చేస్తుంది. మాడ్యూల్ సరిగ్గా ఉందో లేదో చెప్తుంది, మౌంట్ కింద ఏముందో దానికి తెలియదు. ట్రీ బొమ్మల పద్ధతిలో మౌంట్ పాయింట్ ఉన్న నోడ్‌కు ఎంపీ అనే గుర్తు ఉంటుంది, అంతే. డేటాతో సహా సరిచూడాలంటే లిబ్‌యాంగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే యాంగ్‌లింట్ టూల్ కావాలి. అందులో ఎక్స్ అనే ఆప్షన్‌తో ఎక్స్‌టెన్షన్ డేటా ఫైలు ఇవ్వాలి, స్కీమా మౌంట్స్, యాంగ్ లైబ్రరీ రెండూ అందులో ఉండాలి. 9195 కవరు లోపలున్న డేటా భాగాన్ని చిన్న స్క్రిప్టుతో విడదీసి ఇవ్వండి. మంచి డేటా ఒక సెట్, పైన చెప్పిన రెండు డివైస్‌ల తప్పుడు డేటా ఒక సెట్ ఉంచి, రెండోది విఫలమైతేనే బిల్డ్ పాసయ్యేలా పెట్టండి. కంట్రోలర్ లేచాక ఏదో ఒక డివైస్ రూట్ కింద యాంగ్ లైబ్రరీని చదివి గిట్‌లోని ఫైలుతో పోల్చండి. తేడా వస్తే ఎవరో లైబ్రరీ అప్‌గ్రేడ్‌లో రివిజన్ మార్చారని అర్థం.

జాబితాను మౌంట్ పాయింట్ దగ్గరే యాంగ్‌లో రాసే ప్రతిపాదన ఒకటి ఐఈటీఎఫ్‌లో యాంగ్ సంగతులు చూసే నెట్‌మాడ్ గ్రూపులో ఫుల్ ఎంబెడ్ పేరుతో చర్చకు వచ్చింది. మీ ఆర్కిటెక్ట్ కోరుకునేది అచ్చంగా అదే. కానీ ఐఈటీఎఫ్ డ్రాఫ్టుల (ఇంకా ప్రమాణం కాని ముసాయిదాల) ఆయుష్షు ఆరు నెలలు, స్టేట్‌మెంట్ల పేర్లు మధ్యలో మారొచ్చు, మీ క్లయింట్ టూల్స్‌కు అవి తెలియకపోవచ్చు. ప్రొడక్షన్ మాడ్యూల్లో పెట్టకండి. పైన చెప్పిన ఫైలు చేతిలో ఉంటే అది స్టాండర్డ్ అయిన రోజు అందులోంచి ఆ స్టేట్‌మెంట్లు పుట్టించడం స్క్రిప్టు పని.

క్లయింట్ టీమ్ "మాకు స్కీమా మౌంట్ అర్థం కాదు, మామూలు యాంగే కావాలి" అని మొండికేస్తే, చేత్తో కాపీ చేయకుండా ఆ ఫైలు నుంచే ఒకే పెద్ద మాడ్యూల్‌ను జనరేట్ చేయండి. జనరేటర్ నాలుగు పనులు చేయాలి: స్లాష్ పాత్‌లను రిలేటివ్‌గా మార్చడం, పాత్ ఉన్న టైప్‌డెఫ్‌లను వాడిన చోటే విప్పి రాయడం, ఆగ్మెంట్లను లక్ష్య నోడ్ లోపలికి చేర్చడం, ఆర్‌పీసీలను యాక్షన్లుగా, పైస్థాయి నోటిఫికేషన్లను లోపలివిగా మార్చడం. నేమ్‌స్పేస్ మాత్రం ఏం చేసినా పోతుంది, ఆ పేర్ల మార్పిడి క్లయింట్ నెత్తినే ఉంటుందని ముందే రాతపూర్వకంగా చెప్పండి.